కాలు విరిగితే రోజు గడిచేదెలా?

కాలేజీ అయ్యాక రాత్రి పదకొండింటి దాకా డెలివరీలు చేస్తున్నారా? అయితే యాప్‌లో ‘ఇన్సూరెన్స్‌’ అని ఉన్నచోట ఒకసారి తెరిచి చదవండి. చాలా ప్లాట్‌ఫామ్‌ల బీమా మీరు లాగిన్‌లోనో, ఆర్డర్‌ మీదో ఉన్నప్పుడు జరిగిన ప్రమాదానికే. పని ముగించి ఇంటికొస్తూ జారిపడితే వర్తించకపోవచ్చు.

ముందు చవకైనది తీసుకోండి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలే, రెండు టీల ఖర్చు! ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు. ఒక కన్నో, చెయ్యో, కాలో కోల్పోతే లక్ష. ఏటా మే నెలాఖరుకు బ్యాంకు ఖాతాలో ఆ ఇరవై ఉండేలా చూసుకోండి.

తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో గిగ్‌ కార్మికులకు ప్రకటించిన 5 లక్షల బీమా ప్రమాద మరణానికి. బండి పాలసీతో వచ్చే 15 లక్షల ఓనర్‌-డ్రైవర్‌ కవర్‌ మామూలు ఫ్రాక్చర్‌కి పైసా ఇవ్వదు. ఆర్సీ నాన్న పేరున ఉంటే అదీ మీకు రాదు.

అసలు చిక్కు ఇక్కడే. కాలు విరిగి ఆరు వారాలు మంచంలో ఉంటే ఆ సంపాదన ఎవరిస్తారు? దానికి పర్సనల్‌ యాక్సిడెంట్‌ పాలసీ కావాలి. అందులో ‘టెంపరరీ టోటల్‌ డిజేబిలిటీ’ ఉందా అని అడగండి. ఉంటే వారానికి ఇంతని ఇస్తారు. ఫారంలో ‘స్టూడెంట్‌’ అని రాసి ఊరుకోవద్దు, డెలివరీ పని సంగతీ చెప్పండి. ప్రీమియం కాస్త పెరిగినా ఫర్వాలేదు, దాచిపెడితే క్లెయిమ్‌ రోజున కొర్రీ వేస్తారు.

దెబ్బ తగిలిన రోజే ఎఫ్‌ఐఆర్‌ కాపీ, ఆసుపత్రి కాగితాలతోపాటు ఆనాటి ఆర్డర్ల స్క్రీన్‌షాట్‌ కూడా దాచుకోండి. ఐడీ బ్లాకయితే అది మళ్లీ దొరకడం కష్టం.