రోగం తగ్గినా వీడని ఉద్యోగ చింత

జ్వరం దిగిపోయినది. నాలుక శుభ్రపడినది. నాడి కుదుటపడినది. అయినా రోగికి ఆకలి పుట్టదు. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి మరల కన్ను మూతపడదు. గుండె దడ, అరచేతుల్లో చెమట. నిజామాబాదు, బోధను ప్రాంతాలలో వైద్యం చేసేవారికి ఇటువంటి రోగులు కొత్త కాదు. నిదానంగా ప్రశ్నిస్తే చివరకు బయటపడే మాట ఒకటే: "సార్, పదిహేను రోజులాయె పనికి పోక. సేటు ఇంకొకల్లను పెట్టుకున్నడేమో!"

రైసుమిల్లు గుమాస్తా, ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయిని, దుకాణంలో లెక్కలు వ్రాసేవాడు, పసుపు మార్కెట్టులో తూకం వేసేవాడు, అందరిదీ ఇదే బాధ. ఈ చింతను కూడా రోగలక్షణంగానే ఎంచి చికిత్స చేయవలెనని నా నిశ్చితాభిప్రాయం.

చింత శరీరాన్ని ఎట్లా పీడిస్తుంది?

మితంగా తిన్న పథ్యాహారం సైతం చింత, శోకం, భయం, నిద్రలేమి ఉన్నవానికి జీర్ణం కాదని చరకసంహిత విమానస్థానంలో చెప్పబడినది. అతిగా ఆలోచించుట వలన రసవహ స్రోతస్సులు చెడిపోతాయని అదే గ్రంథం చెబుతున్నది. దీనిని సామాన్య భాషలో చెప్పుకుందాం. చింత వలన వాతం ప్రకోపించి నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే జఠరాగ్ని మందగిస్తుంది. అగ్ని మందగిస్తే తిన్నది ఒంటబట్టదు. బలం రాదు. బలం రానందున సెలవు పొడిగించవలసి వస్తుంది. సెలవు పెరిగినకొద్దీ చింత ఇనుమడిస్తుంది. గానుగెద్దు తిరిగినట్లు రోగి ఈ చక్రంలోనే తిరుగుతుంటాడు.

వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అను నలుగురినీ చికిత్సకు నాలుగు పాదాలుగా మన శాస్త్రం లెక్కించినది. రోగికి ఉండవలసిన గుణాలలో భయం లేకుండుట ఒకటిగా చెప్పినది. కనుక భయం తొలగించుట కూడా చికిత్సలో భాగమే.

బోధను చెప్పే పాఠం

ఈ ప్రాంతంలో ఉద్యోగ భయం ఊరికే పుట్టినది కాదు. 1937లో నెలకొల్పబడి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన శక్కర్‌నగరు నిజాం చక్కెర కర్మాగారం ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టినది. 2002లో అందులో అధిక వాటా ప్రైవేటు సంస్థ చేతికి వెళ్ళినది. 2015 డిసెంబరులో అది మూతపడినది. ఆనాడు జీవనోపాధి కోల్పోయినవారు జబ్బు సెలవు పెట్టినందువలన కోల్పోలేదు. ఒక్క రోజు కూడా మానకుండా పనికి వెళ్ళినవారికీ, మంచాన పడినవారికీ ఒకే గతి పట్టినది.

దీనినిబట్టి మనం గ్రహించవలసినది ఏమి? ఒంట్లో జ్వరం పెట్టుకొని పనికి వెళ్ళినంత మాత్రాన ఉద్యోగం నిలుస్తుందన్న భరోసా లేదు. ఈ పని పోయినా మరొక పని చేసుకొనగల దేహం మాత్రం మన చేతిలోని ఆస్తి. దానిని తాకట్టు పెట్టరాదు.

తొందరపడితే వచ్చే ముప్పు

"రేపటినుండి పనికి పోవచ్చునని కాగితం వ్రాసివ్వండి" అని జ్వరం పూర్తిగా విడువకముందే అడిగేవారున్నారు. జ్వరముక్తుడు బలం చేకూరేవరకు శ్రమ, స్నానం, మైథునం, అధికంగా తిరుగుట మానవలెనని చరకుని ఆదేశం. లేనియెడల జ్వరం తిరుగబెడుతుంది. ఆధునిక వైద్యం కూడా ఇందుకు భిన్నంగా చెప్పదు. డెంగీలో జ్వరం దిగిన తరువాతి ఒకటి రెండు రోజులే మిక్కిలి జాగ్రత్త వహించవలసిన కాలం. టైఫాయిడు తగ్గినట్లే తగ్గి మరల రావచ్చును. క్షయరోగులు దగ్గు తగ్గినదని మందు మానరాదు. వైద్యుడు చెప్పినన్ని నెలలు వాడి తీరవలెను.

వేళకు ఆకలి, సుఖవిరేచనం, గాఢనిద్ర, దేహానికి తేలికదనం, బజారుకు నడిచి కూరగాయలు తెచ్చినా ఆయాసం రాకుండుట: ఈ ఐదూ కనిపించినప్పుడు పనిలో చేరుట క్షేమం. వీలుంటే మొదటి వారం అరపూట పని అడగవలెను. బస్తాలు మోయుట, రాత్రి షిఫ్టు కొన్నాళ్ళు తప్పించుకోవలెను.

కాగితమూ ఔషధమే

సగం భయం అజ్ఞానం వలన కలుగుతుంది. జబ్బుపడిన మొదటి రోజే యజమానికి చీటీ వ్రాసి పంపి, నకలు దాచుకోవలెను. రోగం పేరు, విశ్రాంతి దినాలు, తిరిగి చేరే తేదీ గల పత్రం రిజిస్టరైన వైద్యునివద్ద తీసుకోవలెను. దొంగ పత్రం ఎన్నడూ తేరాదు. అది బయటపడినప్పుడు నిజమైన జబ్బును కూడా ఎవరూ నమ్మరు.

ఇ.ఎస్.ఐ. లో పేరున్న కార్మికులకు సరిపడినంత చందా జమ ఉంటే ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం జబ్బు భృతిగా ఇచ్చే ఏర్పాటు ఉన్నది. క్షయ వంటి దీర్ఘరోగాలకు అంతకుమించిన కాలం భృతి ఇస్తారు. ఇందుకు ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీ వైద్యుని పత్రం అవసరం. భృతి పొందే కాలంలో కార్మికుని తొలగించరాదని 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం 73వ సెక్షను శాసించినది. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టం స్థానే సామాజిక భద్రతా స్మృతి వచ్చినది గనుక, వివరాలు ఇ.ఎస్.ఐ. శాఖా కార్యాలయంలో అడిగి తెలుసుకోవలెను. ప్రభుత్వోద్యోగులకు ఏటా 20 రోజుల అర్ధవేతన సెలవు జమ అవుతుంది. వైద్యపత్రంపై దానిని పూర్తి వేతన సెలవుగా మార్చుకునే వీలున్నది.

ఏ రక్షణా లేనివారు కూడా మన జిల్లాలో ఎందరో ఉన్నారు. బీడీలు చుట్టే తల్లులకు చుట్టినదానికే కూలి. అటువంటి ఇండ్లలో చింత మానుమని ఉపన్యాసం చెప్పుట కంటె, ఇంటిల్లిపాది కూర్చుండి నెల ఖర్చు లెక్క వేసుకొని ఏది వాయిదా వేయవచ్చునో నిర్ణయించుకొనుట మేలు. లెక్క తెలిసిన తరువాత భయం సగమవుతుంది.

ఇంటి చికిత్స

1. పేయ: ఒక పాలు పాత బియ్యానికి పదునాలుగు పాళ్ళు నీరు పోసి మెత్తగా ఉడికించి, చిటికెడు సైంధవలవణం, శొంఠిపొడి కలిపి గోరువెచ్చగా త్రాగవలెను. ఆకలి పెరిగిన తరువాత నాలుగు పాళ్ళ నీటితో వండిన మెత్తని అన్నం, పెసరకట్టు, ఆ పిమ్మట మామూలు భోజనం.

2. పెసరకట్టు: పొట్టు తీసిన పెసరపప్పు ఉడికించి, పైతేటలో జీలకర్ర, అల్లంముక్క వేసి కాచి పుచ్చుకోవలెను. బలహీనులకు ఇది సులభంగా జీర్ణమవుతుంది.

3. నిద్రకు: జ్వరం పూర్తిగా విడిచిన తరువాత, పడుకునే ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె పది నిమిషాలు మర్దన చేయవలెను. గ్లాసెడు పాలలో జాజికాయ గంధం చిటికెడు మాత్రమే కలిపి త్రాగవచ్చును. అంతకుమించరాదు. టీ, కాఫీలు మధ్యాహ్నం తరువాత మానవలెను.

4. పెన్నేరు చూర్ణం: ఆకలి బాగుపడిన పిమ్మట 3 గ్రాములు పాలతో రాత్రివేళ. కామెర్లు, కాలేయవ్యాధి, థైరాయిడు జబ్బు గలవారు, గర్భిణులు దీనిని వాడరాదు. ఇతర మందులు వాడేవారు వైద్యుని అడిగిన తరువాతే ఆరంభించవలెను.

ఇంటివారికి ఒక మాట

"నీవు లేవకపోతే ఇల్లు గడిచేదెట్లా?" అన్న మాట మంచంలో ఉన్నవాని చెవిన పడనీయకండి. పనిచేసేచోటి స్నేహితుని ఒకసారి ఇంటికి పిలిపించి మాట్లాడించండి. ఏ కషాయం కంటెను అది త్వరగా పనిచేస్తుంది.

శ్వాస ఆడకపోవుట, ఛాతీలో నొప్పి, రక్తస్రావం, తీవ్రమైన కడుపునొప్పి, మత్తు, మూడు రోజులు దాటిన జ్వరం ఉంటే గృహచికిత్సలతో కాలయాపన చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. "నేను లేకుంటేనే నయం" అని రోగి ఒక్కసారి అన్నా తేలికగా తీసుకొనరాదు. అతనిని ఒంటరిగా విడువక, 14416 నెంబరుకు ఫోను చేయండి. టెలిమానస్ అను ఈ ప్రభుత్వ సేవ ఉచితం. తెలుగులో మాట్లాడవచ్చును.

కొడిగట్టిన దీపానికి చమురు పోయవలెను గాని వత్తిని పైకి లాగరాదు. ఎంత లాగితే అంత త్వరగా కాలిపోతుంది. బలం చేకూరువరకు తీసుకునే విశ్రాంతి ఆ చమురు వంటిది.