ఎమ్మెస్సీ అంటే పన్నెండు మళ్ల సేద్యం

మీ అబ్బాయో అమ్మాయో నాలుగేళ్ల బి.ఎస్సీ. అగ్రికల్చర్ ముగించి ఇంటికొచ్చి, "నాన్నా, ఎమ్మెస్సీ చేస్తా" అంటే మీరేమంటారు? "మండల వ్యవసాయాధికారి ఉద్యోగానికి బి.ఎస్సీ. చాలుగా! ఇంకా రెండేళ్లు ఎందుకు?" అంటారు. నిజమే, ఆ ఉద్యోగానికి అది చాలు. అయితే కాదనే ముందు, ఆ రెండేళ్లలో వాళ్లు చేసే పనేమిటో తెలుసుకోండి. సేద్యం తెలిసిన మీకు అది ఇట్టే అర్థమవుతుంది.

ఒక్కటే ప్రశ్న

ఎమ్మెస్సీలో మొత్తం 70 క్రెడిట్లుంటే అందులో 30 పరిశోధనకే. గైడుతో కూర్చుని ముందు ఒక ప్రశ్న ఎంచుకోవాలి. "వరిలో దిగుబడి పెంచడం ఎలా?" అంటే కుదరదు. "యూరియా అంతా ఒకేసారి వేస్తే మేలా, రెండు దఫాలా, మూడు దఫాలా?" అన్నట్టుండాలి. ఈ మూడింటికీ తోడు యూరియా వెయ్యని మడి ఒకటి. మొత్తం నాలుగు పద్ధతులు.

ఒక్కో పద్ధతికి ఒక్క మడి చాలదు. పొలంలో ఒక మూల నీరు నిలుస్తుంది, ఇంకో మూల చెట్టు నీడ పడుతుంది. అది మీకు తెలిసిందే. అందుకే పొలాన్ని మూడు భాగాలు చేసి, ప్రతి భాగంలోనూ నాలుగు పద్ధతులూ పెడతారు. ఏ మడికి ఏదో చీటీలు తీసినట్టు నిర్ణయిస్తారు. అలా పన్నెండు మళ్లు అవుతాయి.

వంద గ్రాముల తేడా

గట్టు పక్క దుబ్బులకు ఎండ ఎక్కువ తగిలి బలంగా ఎదుగుతాయి. వాటిని లెక్కలోకి తీసుకోరు. లోపలి పంటనే కోసి, నూర్చి, తేమ 14 శాతానికి సరిచేసి తూకం వేస్తారు. కోసిన జాగా 20 చదరపు మీటర్లు అనుకోండి. తూకంలో 100 గ్రాములు తప్పితే ఎకరానికి 20 కిలోలు తప్పినట్టే.

ఇంత చేశాక కూడా రెండు దఫాలకూ మూడు దఫాలకూ చెప్పుకోదగ్గ తేడా రాకపోవచ్చు. కుర్రవాడి గుండె జారుతుంది. ఏడాది కష్టం వృథా అయిందనిపిస్తుంది. అంకె కాస్త అటూ ఇటూ మారిస్తే బాగుండునన్న ఆలోచనా వస్తుంది. అసలు పరీక్ష అక్కడే. తేడా లేదని తేలడం కూడా జవాబే. మార్చిన అంకె మాత్రం సలహాగా ఊళ్లోకొస్తే రైతు చేలో నష్టమై తేలుతుంది. ఉన్నది ఉన్నట్టు రాయడం నేర్పేదే ఈ చదువు.

రెండేళ్లలో కొత్త వంగడం పుడుతుందని మాత్రం ఆశపడకండి. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి లాంటి వంగడాల వెనుక ఏళ్ల తరబడి కృషి ఉంటుంది. ఎమ్మెస్సీ ఆ దారిలో తొలి మెట్టు.

చదివితే ఏమిటి?

వ్యవసాయ పరిశోధన సర్వీసులో శాస్త్రవేత్త కావాలన్నా, కృషి విజ్ఞాన కేంద్రంలో విషయ నిపుణుడి ఉద్యోగం రావాలన్నా పి.జి. ఉండాలి. మన దగ్గర ఆచార్య ఎన్.జి. రంగా, తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఈ కోర్సు నడుపుతున్నాయి. ప్రవేశ పరీక్ష, సీట్ల వివరాలకు ఆ ఏడాది ప్రకటన చూసుకోవాలి.

పంపదలిస్తే ఒక మాట అడిగి పంపండి: "నీ ప్రశ్న ఏమిటి? అది ఏ రైతుకు పనికొస్తుంది?" వీలైతే కోతల రోజున వెళ్లి ఆ మళ్లు చూసి రండి. థీసిస్ ఇంగ్లీషులోనే ఉంటుంది. చదువయ్యాక అందులో తేలిన సంగతిని మీ ఊరి రచ్చబండ దగ్గర పది మాటల్లో తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే మీరు పెట్టిన డబ్బు, వాళ్లు పడ్డ కష్టం రెండూ దక్కినట్టే.