మైక్రోలో చిన్నది ఏది?

‘మైక్రో ఇరిగేషన్’ అనే మాట డ్రిప్ పైపులతో పాటే కర్నూలు, కడప పల్లెలకు చేరి, ప్రభుత్వ కాగితాల్లో ‘సూక్ష్మ సేద్యం’గా స్థిరపడినా, అది చిన్న కమతంలో కొద్దిపాటి నీటితో చేసే సేద్యమన్న అపోహ చదువుకున్నవారిని సైతం వదలలేదు. గ్రీకు మూలం గల ‘మైక్రో’కు సాధారణార్థం చిన్నది అనే, 1960లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతిలో మాత్రం అది కచ్చితంగా పది లక్షల్లో ఒక వంతు. సేద్యానికి ఈ రెండో అర్థంతో పని లేదు. మొదటి అర్థంలోనైనా ఇక్కడ చిన్నది పొలమూ కాదు, చెట్టుకు అందే మొత్తం నీరూ కాదు. ఒక్కో డ్రిప్పర్ నుంచి గంటకు వచ్చే ధార.

పులివెందుల వైపు చీనీ తోటలో చెట్టు చుట్టూ గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పర్లు నాలుగు ఉంటే, 5 గంటల్లో ఆ చెట్టుకు 80 లీటర్లు అందుతాయి. ఉగ్గుగిన్నెతో పసిబిడ్డకు పాలు పట్టే పద్ధతి ఇదే: గిన్నె చిన్నదైనంత మాత్రాన బిడ్డ ఆకలితో ఉండదు, ఎంతసేపు పట్టారన్నదాన్ని బట్టి కడుపు నిండుతుంది, తొందరపడి పోస్తే పాలు బయటికి వస్తాయి. డ్రిప్పర్ లోపల నీరు నేరుగా పారక, వంకరటింకర సన్నదారిలో మలుపు మలుపుకూ ఒత్తిడి కోల్పోయి నెమ్మదిస్తుంది కనుక, నేల తాగగలిగిన వేగంతోనే దిగుతుంది. గరుకైన ఎర్రనేలలో తడి లోతుకు పోతుంది, కర్నూలు నల్లరేగడిలో పక్కలకు పరచుకుంటుంది. అందువల్ల రెండు చోట్లా డ్రిప్పర్లను ఒకే ఎడంలో పెట్టడం తప్పు. సున్నం ఎక్కువున్న బోరు నీటితో ఆ సన్నదారిలో తెల్లని పొర పేరుకుంటే పైపుల్లోకి ఆమ్లం పంపి కరిగించాలి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీటి జాడ చెప్పేవారికి అడిగినంత ముట్టజెప్పి, ఫిల్టరు కడగడానికి బద్ధకించే తోటలో డ్రిప్పు ఎన్నాళ్లో నిలవదు.

సూక్ష్మపోషకాల్లోని ‘సూక్ష్మం’ వేరు. అక్కడ చిన్నది అవసరమైన మోతాదు. పైరు నత్రజనిని ఎకరాకు కిలోల్లో తీసుకుంటే జింకును గ్రాముల్లోనే తీసుకుంటుంది, అయినా ఆ గ్రాములు లేకపోతే ఎదుగుదల ఆగిపోతుంది. బనగానపల్లె సమీపాన జ్వాలాపురం రాతిగుహలో దొరికిన మైక్రోలిత్‌లలో చిన్నది పనిముట్టు కాదు, అందులోని రాతి ముక్క. సుమారు 35,000 ఏళ్ల కిందటి నుంచే అక్కడి మనుషులు చెక్కిన అటువంటి చిన్న రాతి పలుకులను సాధారణంగా కర్రకో ఎముకకో జిగురుతో బిగించి ఆయుధం చేసేవారు, అరిగిన పలుకును మాత్రమే మార్చుకునేవారు.

డ్రిప్పు వస్తే భూగర్భజలం పెరుగుతుందన్న ప్రచారం కూడా ‘మైక్రో’ను అపార్థం చేసుకోవడం వల్ల పుట్టిందే. ఆదా అయిన నీటితో రైతు మరో ఎకరం తోట వేసి మోటారును మునుపటి గంటలే నడిపితే, బోరు నుంచి పైకి వచ్చే నీరు ఏమాత్రం తగ్గదు. పైగా పూర్వం కాలువల్లో ఇంకి తిరిగి కిందికి చేరిన నీటిలో చాలా భాగాన్ని ఇప్పుడు చెట్లే తాగేస్తాయి.