గరగర ఎక్కడిది?

పాత కారు రేడియో నాబ్ తిప్పినప్పుడు గరగరమంటే సెట్టు పోయిందనుకోవద్దు. నాబ్ వెనుక ఉన్నది మనం ల్యాబ్‌లో చూసే పొటెన్షియోమీటరే. గుండ్రంగా వంగిన కార్బన్ పట్టీ, దాని మీద జరిగే వైపర్. దుమ్ము పట్టినా, కార్బన్ అరిగినా కాంటాక్ట్ తెగుతూ కలుస్తూ ఉంటది. మనం వినే చప్పుడు అదే.

ఎల్లారెడ్డిలో మా పెద్దనాన్న అంబాసిడర్‌ రేడియోకు ఇదే రోగం. కామారెడ్డిలో చూపిస్తే "పీకేసి బ్లూటూత్ సెట్టు పెట్టుకోండి" అన్నరు. ఆ సెట్టులో ఎఫ్ఎం తప్ప మీడియం వేవ్ లేదు. 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ కేంద్రం వినుడు ఆయనకు ఏండ్ల అలవాటు, ఒప్పుకోలే. పని నా మీద పడ్డది.

ముందు బ్యాటరీ వైరు తీసేసిన. పొటెన్షియోమీటర్ సందులో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇరవై సార్లు తిప్పి ఆరనిచ్చిన. గరగర సగం తగ్గింది. మిగతా సగం కెపాసిటర్‌ది. వైపర్ తర్వాత ఉండే కప్లింగ్ కెపాసిటర్ పాతబడి లీకైతే, అవతలి డీసీ వైపర్‌లోంచి పారుతది. అప్పుడు కొత్త కంట్రోల్ వేసినా చప్పుడు పోదు. అదే విలువది, ప్లస్ మైనస్ చూసి మార్చిన. గొంతు తేటగా వచ్చింది.

పట్టీ పూర్తిగా అరిగితే మాత్రం కంట్రోల్ మార్చాల్సిందే. షాపులో ఓమ్‌లు ఒక్కటే చెప్తే సాలదు, లాగ్ టేపర్ అని అడగాలె. మన చెవి శబ్దాన్ని లాగరిథమిక్‌గా వింటది. లీనియర్‌ది వేస్తే కొంచెం తిప్పగానే మోత మోగుతది, మిగతా తిప్పుడుకు తేడా తెల్వది. వెనుక ఆన్-ఆఫ్ స్విచ్ ఉన్నదా, షాఫ్ట్ పొడవు కుదురుతదా అన్నదీ చూసుకోవాలె. అన్నీ కుదిరేది దొరకుడు కష్టం. అందుకే ముందు కడగాలె, తర్వాత కొలవాలె, మార్చుడు చివరికి.