పరిగె

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మర్నాడు తెల్లవారుతూనే తమ్ముడు వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. ఇక్కడ డాలస్‌లో అప్పుడు రాత్రి భోజనాల వేళ. కంచం పక్కకు జరిపి చూశాను. కోసి ఆరవేసిన వరి పనలన్నీ నీళ్లలో ఉన్నాయి. గట్లు కూడా కనపడటం లేదు.

తమ్ముడంటే మా బాబాయి కొడుకు. నాన్న పోయాక మా రెండెకరాలు కౌలుకు చేస్తున్నది వాడే. ఎకరానికి 20 బస్తాలు, బస్తా 75 కిలోల లెక్కన. వీడియో కింద ఇలా రాశాడు: "అన్నయ్యా, పనలన్నీ మునిగినయ్. ఈసారి కౌలు సంగతి కొంచెం చూడు."

నేను "చూద్దాంలే" అని టైపు చేశాను. అప్పటికే మనసులో లెక్క మొదలైంది. ఆ 40 బస్తాల డబ్బు ఎండాకాలం సెలవుల్లో మా నలుగురి టిక్కెట్లకని అనుకున్నది. అనుకున్న కౌలు కౌలే కదా, తుపాను నేను తెచ్చానా అని కూడా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఇది దాచి మిగతాది రాస్తే అబద్ధమవుతుంది.

మా చిన్నప్పుడు ఆ పొలం నాన్నదీ బాబాయిదీ కలిసే ఉండేది. మొత్తం నాలుగెకరాలు. కాగితాల్లో పంచుకున్నారు గానీ పనిలో పంచుకోలేదు. నారు పీకేటప్పుడు, కట్టలు కట్టేటప్పుడు, కుప్ప వేసేటప్పుడు రెండిళ్ల వాళ్లమూ దిగాల్సిందే. ఇది మీ మడి, ఇది మా మడి అన్న మాట నాయనమ్మ ముందు ఎవరూ ఎత్తేవారు కాదు.

కట్టలు కట్టే రోజున తెల్లవారుజామున నాలుగింటికే లేపేసేవారు. మంచు పదును మీద కడితే గింజ రాలదు. ఎండెక్కితే పన ముట్టుకోగానే రాలిపోతుంది. వరి కోతకు మూడు నాలుగు రోజుల ముందే చేలో మినుములు చల్లేవాళ్లు కాబట్టి, పనల మధ్య అప్పటికే మొలకలు ఉండేవి. కొయ్యకాళ్లు గుచ్చుకుంటున్నా మొలక తొక్కకుండా నడవాలి. పెద్దవాళ్లు మోపులు మోస్తే, పిల్లలం వెనకాల రాలిన వెన్నులు ఏరేవాళ్లం. పని మొదలుపెట్టే ముందు నాయనమ్మ గట్టు మీద నిలబడి చిన్న ప్రార్థన చేసేది. చలికి వణుకుతూ ఆమెన్ ఎప్పుడంటుందా అని చూసేవాళ్లం.

నాకు పన్నెండేళ్లప్పుడు, అలాంటి ఒక పొద్దున, ఒకామె చంకలో పిల్లవాడితో మా చేలోకి వచ్చింది. పరిగె ఏరుకోవడానికి. ఈ తరం వాళ్ల కోసం చెబుతున్నాను: కోత అయిన చేలో రాలిపోయిన వెన్నులు ఏరుకోవడాన్ని పరిగె అంటారు. నేను మహా యజమానిలాగా "ఇంకా మా కట్టలు కాలేదు, అప్పుడే వచ్చేశావా, పో" అని అరిచాను. ఆమె ఏమీ అనకుండా గట్టెక్కింది.

నాయనమ్మ నన్ను కొట్టలేదు. ఆమెను వెనక్కి పిలిచింది. నేను కట్టిన కట్ట విప్పించి, రెండు చేతుల నిండా వెన్నులు లాగి కింద పడేయమంది. పడేశాను. "ఆమె చేతికిద్దామా?" అని అడిగితే "చేతికెందుకురా, నువ్వేమన్నా దానం చేస్తున్నావా? కింద పడెయ్, ఆమెది ఆమె ఏరుకుంటుంది" అంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర అసలు సంగతి చెప్పింది. పొలం కొనక ముందు, పెళ్లి కాక ముందు, తనూ వాళ్లమ్మ వెంట పరిగెకు వెళ్లేదట. ఒక ఆసామి ఒడిలో గింజలు దులిపించి వెళ్లగొట్టాడట. "అది మర్చిపోయేదాన్ని కాదు, మర్చిపోనివ్వను" అంది.

నాయనమ్మకు చదువు రాదు. మాది లూథరన్ గుడి. అయ్యగారు చదివితే వినడమే. కానీ రూతు కథ మాత్రం అక్షరం పోకుండా చెప్పేది. మోయాబు నుంచి అత్త వెంట వచ్చిన పరదేశి ఆడపిల్ల బేత్లెహేము పొలాల్లో పరిగె ఏరుకుంటుంది. ఆమె ఏరుకునేలా పనల నుంచి కొన్ని లాగి వదిలేయమని బోయజు పనివాళ్లకు చెబుతాడు. ఆ రోజు నాయనమ్మ నాతో చేయించింది అదేనని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

తుపాను రాత్రి నిద్ర పట్టక బైబిలు యాప్‌లో లేవీయకాండం 19వ అధ్యాయం తీశాను. చేను ఓరలదాకా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అది బీదలకూ పరదేశులకూ వదిలేయాలని అక్కడ ఉంది. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఇంకో మాట: చేలో ఒక పన మర్చిపోతే తిరిగి వెళ్లి తెచ్చుకోవద్దు. పన, పరిగె, కళ్లం, చేట, తెలుగు బైబిలు నిండా మా చేలోని మాటలే. చిన్నప్పటి నుంచి విన్నవే. ఒక్కటి మాత్రం ఆ రాత్రే గమనించాను. యజమాని పిలిచి ఇవ్వాలని అక్కడ లేదు, వదిలేయాలని ఉంది. ఓరన ఉన్నది మొదటి నుంచీ అతనిది కాదు. అందుకే నాయనమ్మ చేతికివ్వనివ్వలేదు.

ఇప్పుడు మా వైపు చాలా చేలల్లో మిషన్ కోతలు. పరిగెకు వచ్చేవాళ్లు దాదాపు లేరు. మరి నా చేనికి ఓర ఎక్కడుంది? మునిగిన పనలను డాలస్‌లో కూర్చుని లెక్కబెడుతున్న నేను, గట్టు మీద అరిచిన పన్నెండేళ్ల వాడికంటే ఏం ఎదిగాను? పైగా నేనూ ఇక్కడ వీసా మీద ఉన్న పరదేశినే.

ఇంకో తప్పు కూడా ఉంది. 2019లో మన రాష్ట్రంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పొలం యజమాని సంతకం పెడితే కౌలు రైతుకు 11 నెలలకు కార్డు ఇస్తారు. పంట రుణానికీ నష్ట పరిహారానికీ అది ఆధారం. ఆ ఏడాది నాట్లప్పుడు తమ్ముడు ఆ సంతకం అడిగాడు. యజమాని హక్కుకు ఏమీ కాదని చట్టంలోనే ఉన్నా, ఎవరో ఏదో అన్నారని నేను దాటవేశాను. కలిసి బురద తొక్కిన తమ్ముడిని ఒక కాగితం దగ్గర నమ్మలేకపోయాను.

మర్నాడు అమ్మకు ఫోన్ చేశాను. తమ్ముడూ మరదలూ ఇద్దరే నీళ్లు బయటికి తీసి, పనలు గట్ల మీదికి చేర్చి, మొలకలు రాకుండా లీటరుకు 50 గ్రాముల లెక్కన ఉప్పు కలిపి చల్లుతున్నారని చెప్పింది. "పూర్వమైతే పది మందిమి దిగేవాళ్లం" అంది. మరదలి గొలుసు తాకట్టులో ఉందని కూడా అప్పుడే తెలిసింది.

తమ్ముడికి ఫోన్ చేసి ఈ ఏడు కౌలు వద్దన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఎంతో కొంత ఇస్తాలే అన్నయ్యా, ఊరికే వద్దు" అన్నాడు. నేను "ఊరికే కాదురా, అది నాది కాదు" అన్నాను. నాయనమ్మ మాట వాడికీ గుర్తుందేమో, ఇంకేమీ అడగలేదు. సంక్రాంతికి అమ్మకు ఒక బస్తా బియ్యం దించి వెళ్లాడట. గింజ రంగు మారిందని మొహమాటపడ్డాడట.

టిక్కెట్లు ఆలస్యంగా కొన్నాం. మరుసటి ఏడు నాట్ల వేళకు వెళ్లి, ముందు సంతకం పెట్టాను. తర్వాత ప్యాంటు మడిచి చేలో దిగి నారు కట్టలు అందించాను. గంటకే నడుం పట్టేసింది. గట్టు మీద కూర్చోబోతుంటే తమ్ముడు "ప్రార్థన చెయ్యి అన్నయ్యా, నాయనమ్మ పోయాక ఎవరం చేయట్లేదు" అన్నాడు. ఏం మాట్లాడాలో తోచలేదు. నాలుగు ముక్కలు చెప్పి ఆమెన్ అన్నాను. అప్పటిదాకా కూలీలందరూ నారు చేతుల్లో పట్టుకుని నిలబడే ఉన్నారు.