లడఖ్‌లో కరెంటు: ఖర్చు ఎవరిది? వెలుగు ఎవరికి?

పరీక్షల ముందు రాత్రి కరెంటు పోతే మన హాస్టల్లో ఎంత గోల చేస్తామో మిత్రులందరికీ తెలుసు. మన దేశానికి ఉత్తరపు కొసన ఉన్న లేహ్ పట్టణానికి గ్రిడ్ కరెంటు తీగ అందింది 2019లోనే అంటే నమ్ముతారా?

లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. మంచు పడితే జోజిలా కనుమ దారి నెలల తరబడి మూతపడేది. అందువల్ల చలికాలానికి కావలసిన డీజిల్, తిండిగింజలు ముందుగానే లారీల్లో చేర్చి నిల్వ పెట్టుకునేవారు. జనరేటర్లు నడిచినంతసేపే దీపాలు.

మరి ఏ కంపెనీ అయినా వెళ్ళి తీగలు వేయలేదా? వేయదు. 2011 లెక్కల ప్రకారం లడఖ్ జనాభా 2,74,289, విస్తీర్ణం 59,146 చదరపు కిలోమీటర్లు. చదరపు కిలోమీటరుకు అయిదుగురు కూడా లేరు. బిల్లులన్నీ వసూలైనా స్తంభాల ఖర్చు తిరిగి రాదు. ఇలాంటి చోట ప్రభుత్వమే ముందు సొమ్ము పెట్టాలి. మన మెస్ ఛార్జీలకు లాభనష్టాల లెక్క కడితే ఈ హాస్టల్ మాత్రం ఉండేదా?

2010లో కేంద్రం 473 కోట్ల రూపాయలతో లడఖ్‌కు ప్రత్యేక పథకం మంజూరు చేసింది. వాగుల మీద చిన్న జలవిద్యుత్ కేంద్రాలు, సోలార్ ప్లాంట్లు, నీళ్ళు కాచే సోలార్ హీటర్లు, చలికాలంలో కూరలు పండించే గ్రీన్‌హౌస్‌లు అందులోనివే. గడ్డకట్టే చలిలో సోలార్ ఏమిటని నవ్వకండి. సోలార్ పలకకు కావలసింది వెలుతురే గాని వేడి కాదు. పలక వేడెక్కితే కరెంటు తగ్గుతుంది. లడఖ్‌లో మబ్బులు తక్కువ, గాలి పలుచన, పైగా చల్లదనం. మన రామగుండం ఎండకంటే అక్కడి ఎండే పలకలకు మేలు!

సింధు నది మీద 45 మెగావాట్ల నిమ్మూ-బాజ్‌గో, సురు నది మీద 44 మెగావాట్ల చుటక్ కేంద్రాలు 2014 ఆగస్టులో జాతికి అంకితమయ్యాయి. అయితే చలికాలంలో నీరు గడ్డకట్టి ప్రవాహం తగ్గుతుంది. ఇళ్ళకు కరెంటు ఎక్కువ కావలసింది సరిగ్గా అప్పుడే. ఆ లోటు తీర్చడానికే శ్రీనగర్ నుంచి ద్రాస్, కార్గిల్ మీదుగా లేహ్‌కు 335 కిలోమీటర్ల లైను వేశారు. ఖర్చు సుమారు 2,266 కోట్లు. అంటే తలకు ఎనభై వేల రూపాయలకు పైమాటే. సరిహద్దున సైన్యం లేకుంటే అంత డబ్బు కదిలేదా అని నాకు అనుమానమే.

ఇప్పుడు కథ తిరగబడింది. లడఖ్‌లో 13,000 మెగావాట్ల సౌర, పవన విద్యుత్ కోసం 2023 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం కొత్త లైన్లకు ఆమోదం తెలిపింది. అంచనా 20,773 కోట్లు, అందులో 40 శాతం కేంద్ర సహాయం. లేహ్-మనాలి దారిలోని పాంగ్ నుంచి హర్యానాలోని కైతల్ దాకా తీగ నడుస్తుంది. మొదటి తీగ కొండకు కరెంటు తెచ్చింది, రెండోది కొండ నుంచి కరెంటు తీసుకుపోతుంది. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

పాంగ్ ప్రాంతం చాంగ్పా పశువుల కాపరుల మేత భూమి. పష్మీనా శాలువల ఉన్ని ఇచ్చేది వాళ్ళ మేకలే. బయటివారికి అది బంజరులా కనిపిస్తుంది, మేకకు కాదు. 2024 మార్చిలో సోనమ్ వాంగ్‌చుక్ లేహ్‌లో 21 రోజులు నిరాహారదీక్ష చేసినప్పుడు లేవనెత్తిన సంగతుల్లో ఈ మేత భూముల సమస్య కూడా ఉంది. దేశానికి పొగలేని కరెంటు కావాలి, నిజమే. కాని మేత పోయిన కాపరికి బదులు ఏమిస్తారో లైను ఖర్చుతోపాటే లెక్క కట్టాలి. ఆ లైను 2029-30 నాటికి పూర్తి చేయాలన్నది ప్రభుత్వ లక్ష్యం.