పూర్తికాని యాటలు - అమ్మకముల వరుస

కంప్యూటరుపై ఆడు వీడియో ఆటలు నేటి బాలబాలికలలో పలువురికి పరిచితములు. వీనిని ఇంటర్నెట్టు ద్వారా ఆన్‌లైను దుకాణములలో కొని, తమ యంత్రములలోనికి దించుకొందురు. అట్టి దుకాణములలో మిక్కిలి పేరొందినది స్టీమ్. అమెరికా దేశపు వాల్వ్ అను సంస్థ దీనిని 2003వ సంవత్సరమున నెలకొల్పెను. ఇందు మిక్కిలిగా అమ్ముడుపోవు ఆటల పట్టిక యొకటి కలదు. ఆ పట్టికలో మొదట నున్న యాటయే అన్నిటికంటె మేలైనదని మా విద్యార్థులలో కొందరు తలంచుచున్నారు. తల్లిదండ్రులును దానినే నమ్మి సొమ్ము చెల్లించుచున్నారు. కావున ఆ వరుస యేమి చెప్పునో, యేమి చెప్పదో యిచట వివరింతుము.

మొదట నొక సంగతి తెలియవలెను. ఆ దుకాణమున అమ్మబడు ఆటలన్నియు పూర్తియైనవి కావు. 2013 మార్చిలో స్టీమ్ 'ఎర్లీ ఆక్సెస్' అను పద్ధతిని ప్రవేశపెట్టెను. దీనినిబట్టి ఆట యింకను తయారగుచుండగనే అమ్మవచ్చును. గోడలు లేచి కప్పు పడకమునుపే ఇంట కాపురము పెట్టుట వంటి దిది. కొన్నవారి సొమ్మును, వారు చూపిన లోపములును తయారుచేయువారికి తోడ్పడును. అయితే ఇట్టి ఆటలలో కొన్ని ఎన్నటికిని పూర్తికాకపోవచ్చునని స్టీమే హెచ్చరించుచున్నది.

ఇక వరుస సంగతి. ఆ పట్టిక కొన్నవారి సంఖ్యనుబట్టి కాక, వచ్చిన రాబడినిబట్టి ఏర్పడును. ఉదాహరణమునకు 2,000 రూపాయల ఆటను 100 మంది కొన్నచో రాబడి 2,00,000 రూపాయలు. 200 రూపాయల ఆటను 900 మంది కొన్నచో 1,80,000 రూపాయలే. కొన్నవారు తొమ్మిది రెట్లున్నను రెండవది వెనుకబడును. ఆటలోపల విడిగా కొను వస్తువుల సొమ్మును ఈ లెక్కలో చేరును. మఱియు ఈ లెక్క యిటీవలి అమ్మకములదే గాని మొదటినుండి జరిగిన మొత్తము అమ్మకములది కాదు. పూర్తియైన ఆటయు, సగము నడచిన ఆటయు ఒకే వరుసలో నిలుచును.

కొనదలచిన ఆటలను గుర్తుంచుకొనుటకు 'విష్‌లిస్టు' అను చిట్టా కలదు. అందలి ఆట అమ్మకమునకు వచ్చిన దినమున ఆ చిట్టా గలవారికి దుకాణమువారు కబురు పంపుదురు. అనేకులు ఒక్కసారిగా కొనుటచే ఆట పైకి లేచును, పైనుండుటచే మఱికొందరి కంటబడును, వారును కొందురు. కావున తొలిదినపు స్థానము జనుల ఆశను కొలుచును గాని, ఆడినవారి అనుభవమును కొలువదు.

మూడు దృష్టాంతములు చూడుడు. స్వీడన్ దేశమున కొద్దిమంది కలిసి చేసిన 'వాల్‌హైమ్' 2021 ఫిబ్రవరి 2వ తేదీన అసంపూర్ణముగనే వచ్చి, సుమారు ఒక నెలలో 50 లక్షల ప్రతులు అమ్ముడుపోయెను, ఆడినవారును మెచ్చిరి. బెల్జియము దేశపు లారియన్ సంస్థ 'బాల్డర్స్ గేట్ 3' యొక్క మొదటి భాగమును మాత్రము 2020 అక్టోబరులో అమ్మకమునకు పెట్టి, దాదాపు మూడేండ్లు శ్రమించి, 2023 ఆగస్టు 3వ తేదీన పూర్తిచేసెను. ఆ యేటి మేటి యాట యను బహుమానము దానికి లభించెను. 'ది డే బిఫోర్' అను ఆట అమ్మకమునకు రాకమునుపే అసంఖ్యాకుల చిట్టాలలో చేరెను. అది 2023 డిసెంబరు 7వ తేదీన వచ్చెను. నాలుగు దినములలోనే తయారుచేసిన సంస్థ మూతపడుచున్నట్లు ప్రకటించెను. కొన్నవారికి సొమ్ము తిరిగి యిచ్చిరి. మఱుసటి జనవరి 22వ తేదీన ఆట నిలిచిపోయెను. మూడింటికిని జనాదరణ తొలుతనే లభించినది. అందేది నిలుచునో, యేది కూలునో అమ్మకముల వరుస చెప్పజాలదు.

కావున విద్యార్థులారా, కొనకమునుపు నాలుగు సంగతులు విచారింపుడు. నేడు ఆ యాటలో ఏమేమి సిద్ధముగ నున్నదో తయారుచేయువారి మాటలలో చదువుడు. కడపటి సారి ఎప్పుడు సవరించిరో చూడుడు. చిరకాలము సవరింపబడని ఆటలపై 2025నుండి స్టీమ్ హెచ్చరిక చూపుచున్నది. ఇటీవల ఆడినవారి అభిప్రాయములను గమనింపుడు. కొనిన పిమ్మట నచ్చకున్నచో, 14 దినములలోపల, రెండు గంటలకు మించి ఆడకమునుపే సొమ్ము తిరిగి కోరవచ్చునని జ్ఞాపకముంచుకొనుడు. ఇప్పుడున్న స్థితిలోనే అది మీకు చాలునా యని ప్రశ్నించుకొనుడు. చాలదన్నచో వేచియుండుటయే వివేకము.

సగము వ్రాసిన పరీక్షాపత్రమునకు ఉపాధ్యాయుడు మొదటి స్థానము నీయడు. దుకాణపు పట్టిక యైతే పత్రమును తెరచియైనను చూడదు. గల్లాపెట్టెను మాత్రమే లెక్కించును. పత్రమును చూడవలసిన భారము కొనువారిదే. ఆ సొమ్ము తల్లిదండ్రుల కష్టార్జితమని మీరెరిగినచో, ఆ భారమును సంతోషముతో వహింతురని మా నమ్మకము.